మాటల్లేని బుట్ట

మా ఊరి పేరులో ఆపిల్ పండు ఉంది గాని ఊళ్లో ఆపిల్ చెట్టు లేదు. తప్పూయ అంటే ఆ పండే. చెట్లన్నీ గోడ బయట, ఊట దగ్గర మొదలై కానా వాగు దాకా ఉన్నాయి. అవి మనష్షే గోత్రం వాళ్లవి. గోడ లోపలి ఇళ్లు ఎఫ్రాయిము గోత్రం వాళ్లవి, అంటే మావి. ఊరొకరికి, ఊరి నేల మరొకరికి. చీట్లు వేసి దేశాన్ని పంచిన రోజున పెద్దలకు ఇది ఎలా తోచిందో నాకు తెలియదు. చిన్నప్పుడు మా నాన్నను అడిగితే, "పంచింది దేవుడు. అడగడానికి నువ్వెవడివి?" అన్నాడు. అడగకుండా ఉండడం అలవాటైంది గాని ఆలోచించకుండా ఉండడం మాత్రం ఈ వయసుకూ చేతకాలేదు.

నా పేరు తహను. కుండలు చేస్తాను. నేను తొక్కే మట్టి కూడా గోడ బయటిదే.

మనష్షే, ఎఫ్రాయిము ఒక తండ్రి బిడ్డలు. మనష్షే పెద్దవాడు. తాత యాకోబు వాళ్లను దీవించేటప్పుడు చేతులు మార్చి, పెద్దవాడికి దక్కాల్సిన కుడిచెయ్యి చిన్నవాడైన ఎఫ్రాయిము నెత్తిన పెట్టాడు. అది జరిగి ఎన్ని తరాలైందో! మా ఊళ్లో మాత్రం నిన్న జరిగినట్టే చెప్పుకుంటారు. ఎఫ్రాయిము వాడు ఎదురైతే, వాడికి పళ్లన్నీ ఊడిపోయినా సరే, మనష్షే వాళ్లు "ఏం తమ్ముడూ" అంటారు. మా వాళ్లు "ఏం అన్నా" అంటూనే కుడిచెయ్యి ఎత్తి చూపిస్తారు.

మా ఇల్లు ఊరి గోడకు ఆనుకుని ఉంది. గోడకు అవతల అనీయాము పొలం. ఊట నీళ్ల కాలవ ఆ పొలం గట్టునే, మా గోడ పక్కగా పారుతుంది. అనీయాము మనష్షే వాడు, ముప్పై ఏళ్ల వాడు. నా పెళ్లినాటికి వాడు పుట్టనే లేదు. అయినా వాడికి నేను తమ్ముణ్ణే. నా భార్య షెయెరా వాడికి మరదలు. ఆమె వాణ్ణి "బావగారూ" అని సాగదీసి పిలుస్తుంది.

ఏటేటా వారాల పండుగకు మనష్షే వాళ్లు తొలిపండ్ల బుట్టలతో ఊరి గుమ్మం దగ్గర చేరతారు. ముందు ఒక ఎద్దు, దాని కొమ్ములకు ఒలీవ రెమ్మలు, వెనక పిల్లనగ్రోవి. అక్కడి నుంచి షిలోహుకు, దేవుని గుడారానికి నడిచి వెళతారు. వాళ్లు కదిలేటప్పుడు మేం పనులు ఆపి లేచి నిలబడతాం. పొలం ఉన్నవాడు గుడారం ముందు నిలబడి, "నువ్వు నాకిచ్చిన నేలలో పండిన తొలిపండ్లు, ఇవిగో తెచ్చాను" అని చెప్పుకోవాలి. తప్పూయలో ఎఫ్రాయిము వాడు ఆ మాటలు చెప్పినట్టు ఎవరికీ జ్ఞాపకం లేదు. మాకు పొలమేదీ?

షెయెరా తండ్రి బతికినంత కాలం మనష్షే వాళ్ల పొలమే కౌలుకు చేశాడు. ఆమెకు పదేళ్లున్నప్పుడు ఆ పొలం యజమాని బుట్టను షిలోహు దాకా నెత్తిన మోసింది. ఆవరణ గుమ్మం దగ్గర యజమాని బుట్ట దించుకుని భుజాన పెట్టుకుని లోపలికి వెళ్లాడు. ఈమె బయట ఉండిపోయింది. "బుట్ట కింద పెట్టుకున్న గుడ్డ చుట్టకుదురు నెత్తిమీద అలాగే ఉంది. తీయాలని కూడా తోచలేదు," అని పెళ్లయిన కొత్తలో ఒకసారి నాతో చెప్పింది. మళ్లీ ఎన్నడూ చెప్పలేదు.

అయిదేళ్ల కిందట ఆమె ఒక అంజూరపు కొమ్మ తెచ్చి మా పెరటి మూలన, గోడ వారగా గుచ్చింది. అది ఎవరూ అనుకోనంత ఏపుగా పెరిగింది. మొదటి మూడేళ్ల కాయలు ముట్టకూడదు, ముట్టలేదు. నాలుగో ఏటివి దేవుడివి, ఇచ్చేశాం. ఈ ఏడు అయిదోది.

చలి తగ్గిన ఒక ఉదయం ఆమె కేకేసింది.

"ఏమయ్యా, ఆ సారె ఆపి ఇటు రా!"

చేతుల మట్టితోనే వెళ్లాను. అడుగు కొమ్మన, ఆకు తొడిమ పక్కన బొటనవేలి గోరంత పిందె. దానికి ఆమె అప్పటికే రెల్లుపోచ చుట్టి ముడి వేసింది. తొలిపండును అలా గుర్తు పెట్టుకోవడం పొలాల వాళ్ల ఆచారం.

"ఇది తొలిపండు," అంది, గోడ అవతలికి కూడా వినపడేలా.

"పండు కాదు, పిందె."

"పండుతుందిలే. షిలోహులో నిలబడి ఆ మాటలు నువ్వు చెప్పాలి. ఇప్పటి నుంచే రోజూ చదువుకో."

"పుట్టినప్పటి నుంచి వింటున్నవే కదా."

"వినడం వేరు, చెప్పడం వేరు. పెళ్లిలో నాలుగు మాటలు చెప్పమంటే రెండింటికే తడబడ్డావు."

సాయంత్రానికి వీధిలో ఆడవాళ్లంతా చూడ్డానికి వచ్చారు. ఒక ముసలావిడ పిందెకు దగ్గరగా కళ్లు పెట్టి చూసి, "మన గోత్రంలో పూర్వం ఊళ్లు కట్టించిన షెయెరా పేరు పెట్టుకున్నావు. ఒక్క చెట్టు కాయించడానికి ఇన్నాళ్లా?" అంది.

"ఆవిడకు కుమ్మరి మొగుడు దొరికి ఉంటే తెలిసేది," అంది నా భార్య.

నవ్వుకున్నాం. ఎఫ్రాయిము వీధి నుంచి మొదటి బుట్ట వెళుతుందని ఆ రాత్రికే ఊరంతా తెలిసిపోయింది.

ఆ వారంలోనే గోడ పని తగిలింది. వానలకు మా ఇంటి దగ్గర ఊరి గోడ కడుపు ముందుకు వచ్చింది. ఎవరింటి వెనక గోడ వాళ్లే చూసుకోవాలి. కోతలయ్యేలోగా సరిచేయమని గుమ్మం దగ్గర పెద్దలు చెప్పారు. షెయెరా ఊటకు వెళ్లిన మధ్యాహ్నం పైవరస రాళ్లు ఒక్కొక్కటే దించాను. అడుగు వరసకు వచ్చేసరికి, రెండు రాళ్లను పక్కకు నెట్టుకుంటూ ఒక వేరు కనపడింది. నా పిడికిలంత లావు. గోడ కడుపు ముందుకు వచ్చింది వానలకు కాదు.

మట్టి గీకి చూశాను. మా పెరట్లో జానెడు లోతుకే బండ తగులుతుంది. మట్టి నానబెట్టే గుంట తవ్వబోయి నేనే ఒకసారి గునపం వంచుకున్నాను. చెట్టుకు మావైపు రెండు సన్నపు వేళ్లు మాత్రమే ఉన్నాయి. ప్రాణమంతా గోడ కింద నుంచి అవతలికి వెళ్లిపోయింది.

ఊరి గుమ్మం మీదుగా చుట్టూ తిరిగి అనీయాము పొలంలోకి వెళ్లాను. కాలవ గట్టు దగ్గర తడిమట్టిని వేలితో తీస్తే జుట్టులాగా పిల్లవేళ్లు. చెట్టు నీళ్లు తాగేది ఇక్కడ.

నేను చిన్నప్పుడు ధర్మశాస్త్రం బోధించే లేవీయుడు ఒకడు మా ఊరి గుమ్మం దగ్గర కూర్చుని చెప్పిన మాట గుర్తుకొచ్చింది. ద్రాక్ష తీగను వంచి పక్కవాడి నేలలో పాతిపెట్టి పెంచితే, ఆ పండ్లు తొలిపండ్ల కింద తేకూడదట. వేరు, మాను, కొమ్మ, మూడూ నీ నేలలోనే ఉండాలి అన్నాడు. అప్పుడు విని వదిలేశాను. మాకేం తీగ ఉంది గనక?

నా కుండల మట్టీ వాళ్లదే, కుండ నాది కాదని ఎవరూ అనలేదు, మరి అంజూరపు పండుకేం వచ్చింది అని కూడా అనుకున్నాను. అయితే కుండ తీసుకుని నేను దేవుడి ముందుకు వెళ్లి "నువ్వు నాకిచ్చిన నేల" అనడం లేదు కదా.

"ఏం తమ్ముడూ, నా కాలవలో ఏం పోగొట్టుకున్నావు?"

అనీయాము పార భుజాన పెట్టుకుని వెనక నిలబడి ఉన్నాడు.

"పోగొట్టుకోలేదు అన్నా. దొరికింది."

వాడు వంగి చూసి గొంతుకూర్చున్నాడు. "ఓ, ఇదా! నాకు రెండేళ్ల కిందటే దొరికింది. నాగలికి తగిలింది. అప్పటి నుంచి ఈ మూల దున్నడం మానేశాను."

"నాకొక మాట చెప్పొద్దూ!"

"చెబుదామనే గోడ దగ్గరికొచ్చాను. మరదలు చెట్టుకు నీళ్లు పోస్తూ దానితో కబుర్లు చెబుతోంది. నీతో ఎప్పుడూ అంత మర్యాదగా మాట్లాడగా వినలేదు. ఇంక ఏ నోటితో చెప్పను?"

"నీ నీళ్లు తాగి పెరిగింది."

"తాగనీ. ఊటకేం తక్కువ? గోడ మూసెయ్ తమ్ముడూ. నేల కింద ఏముందో ఎవరు చూడొచ్చారు?"

"ఎవరి దగ్గరికి పండు తీసుకెళుతున్నానో ఆయన చూస్తాడుగా."

అనీయాము గడ్డం గోక్కున్నాడు. "మీతో ఇదే చిక్కు. తాత కుడిచెయ్యి పడ్డప్పటి నుంచి మీకు నిద్ర పట్టదు. పోనీ, ఈ నాలుగు మూరల నేలా నీదే అనుకో."

"అనుకుంటే అవుతుందా? ఒక గోత్రం నేల ఇంకో గోత్రానికి పోదు."

"పోదు. అందుకే అనుకోమన్నాను, ఇస్తానన్లేదు."

"నువ్వు తీసుకెళ్లు మరి. వేరు నీ నేలలోదేగా."

"చెట్టు పెట్టింది నేను కాదే. నేనూ ఆ మాట అనలేను." వాడు వేళ్ల మీదకు మట్టి కప్పుతూ, "అయితే ఇది ఎవరిదంటావు?" అన్నాడు.

చేతుల మట్టి కాలవలో కడుక్కుని ఇంటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం షెయెరా దీపం దగ్గర కూర్చుని, బెరడు తీసిన తెల్లటి విల్లో చెట్టు పుల్లలతో బుట్ట అల్లుతోంది. రొట్టె, పప్పు పెట్టింది, తిన్నాను. చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆమె బుట్ట ఎత్తి "ఈ అంచు వంకరగా ఉందా?" అని అడిగింది. లేదన్నాను.

మర్నాడు ఉదయం గోడ సందులోంచి అనీయాము తల లోపలికి పెట్టాడు.

"మరదలా, వేరు చూశావా? నా పిడికిలంత ఉంది! నిన్న తమ్ముడు దాన్ని చూసి మాట పడిపోయినట్టు నిలబడ్డాడు."

"ఏ వేరు, బావగారూ?"

వాడు నా ముఖం చూశాడు. తాబేలు తలలా వాడి తల వెనక్కి పోయింది.

ఆమె వచ్చి గోడ దగ్గర కూర్చుని వేరు మీద చెయ్యి వేసింది. అది ఎటు పోతోందో చూసింది. అన్నీ ఆమెకే అర్థమయ్యాయి. తొలిపండ్ల నియమాలు నాకన్నా ఆమెకే బాగా తెలుసు. కౌలు చేసినవాళ్ల ఇంట్లో అవి బాగా తెలుస్తాయి.

"నిన్న చూశావా?"

"ఊఁ."

"నిన్న చూసి, రాత్రి నా చేతి రొట్టె తిని, అంచు వంకరగా లేదన్నావు."

"చెబుదామనే..."

"గోడ అవతలివాడికి ముందూ, గోడ ఇవతలిదానికి తర్వాతానా?"

రాళ్లు ఏరుతున్నట్టు కిందికి వంగాను.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే మేకతో చెప్పేది. "మేకా, పప్పులో ఉప్పు చాలిందో లేదో మీ యజమానిని కనుక్కో." మేక నా వైపు చూసేది. చాలిందని నేను మేకతో చెప్పేవాణ్ణి.

నాలుగో రోజు ఉదయం నా సారె ముందు గొడ్డలి తెచ్చి పెట్టింది.

"వేరు కొట్టెయ్. గోడ ఇవతల ఎంతుంటే అంతే ఉండనీ. మన నేల మీదే బతికి కాసిందంటే వచ్చే ఏడు నువ్వు నిక్షేపంగా మాటలు చెప్పొచ్చు."

"బతుకుతుందంటావా?"

"దేవుడి మీద నమ్మకం లేదా?"

"దేవుడి మీద ఉంది. మన పెరటి బండ సంగతి కూడా తెలుసు."

గొడ్డలి తీసుకుని సందు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. అవతలి నుంచి అనీయాము గొంతు వినపడింది.

"తమ్ముడూ, ఈ నెలలో కొట్టావంటే పిందెలన్నీ రాలతాయి. ఆ మీదట మాను ఎండుతుంది. నేల నాది గనక ఒక మాట చెబుతున్నాను."

"బావగారిని వెళ్లి తన ఎద్దుకు చెప్పుకోమను," అంది షెయెరా. అయితే నా భుజం మీద చెయ్యి వేసి, "సాయంత్రం దాకా ఆగు," అంది.

ఆ రోజంతా ఆమె చెట్టు కింద కూర్చుంది. పిండి విసరలేదు, నీళ్లకు వెళ్లలేదు. నీడ జరిగినప్పుడల్లా తనూ జరిగింది. నేను సారె ముందు కూర్చున్నాను గాని ఆ రోజు చేసిన కూజాలన్నీ మెడ వాలి పోయాయి. ఆ రెల్లుపోచ కట్టిన పిందె ఆమె తలకు జానెడు ఎత్తున ఉంది. దాన్ని ఆమె ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

పొద్దు వాలాక లేచి, గొడ్డలిని కొయ్యకు తగిలించింది.

"మా నాన్న కూడా పరాయి నేల మీదే బతికాడు," అంది. "ఆయన్ను ఎవరూ నరకలేదు. గోడ కట్టు. వేరు మీద బరువు పడకుండా కట్టు."

"మరి బుట్ట?"

"అల్లడం అయిపోయిందిగా. షిలోహుకు తీసుకెళ్లి అడుగుదాం. ఉన్నది ఉన్నట్టు చెప్పు. వద్దంటే తిరిగొచ్చే దారిలో కూర్చుని తిందాం."

వేరు మీద రెండు రాళ్లను ఒకదానికొకటి వాలుగా నిలబెట్టి, పైన గోడ కట్టాను. అవతలి వైపు రాళ్లు అందించింది అనీయామే. పెద్దలు వచ్చి చూసి, అడుగున ఆ సందేమిటని అడిగారు. ఎలుకలకు దారి అన్నాడు వాడు.

వారాల పండుగకు తెల్లవారుతూనే బయలుదేరాం. షెయెరా నెత్తిన చుట్టకుదురు, దాని మీద బుట్ట. అంజూరపు ఆకుల మీద తొమ్మిది పండ్లు, అన్నింటి పైన రెల్లుపోచ కట్టిన పండు. పిల్లనగ్రోవి మోగుతోంది. మా వీధి వాళ్లు లేచి నిలబడ్డారు, ఈసారి మాకోసం. వీళ్లకు మేం వేరు సంగతి చెప్పలేదు.

మధ్యాహ్నానికి షిలోహు చేరాం. ఆవరణ గుమ్మం దగ్గర మగవాళ్లు బుట్టలు భుజాలకు ఎత్తుకుని వరసగా నిలబడ్డారు. నేను చేతులు చాచాను. ఆమె తల వంచింది, బుట్ట దించుకున్నాను. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తే, ఆమె గోడ పక్కన నిలబడి ఉంది. చుట్టకుదురు నెత్తిమీదే ఉంది. అప్పుడు గాని ఆమె పదేళ్లనాటి సంగతి నాకు గుర్తు రాలేదు. అప్పటికే వరస ముందుకు నెట్టేసింది.

లోపల యాజకుడు ముసలివాడు, మోకాళ్ల నొప్పితో ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారుతున్నాడు. "మాటలు చెప్పు," అన్నాడు.

"అయ్యా, ముందు ఒకటి అడగాలి. చెట్టు మా పెరట్లోది. వేరు గోడ కింద నుంచి మనష్షే వాళ్ల నేలలోకి పోయింది. 'నువ్వు నాకిచ్చిన నేల' అని నేను అనొచ్చా?"

"ఎండలో నిలబెట్టి పొడుపుకథలా!" అన్నాడు వెనక ఎవరో.

"ఏ ఊరు?" అన్నాడు యాజకుడు.

"తప్పూయ."

"ఆఁ, తప్పూయ!" అన్నాడు, అంతా బోధపడినట్టు. "నేల ఎవరిది?"

"నాదేనయ్యా," అన్నాడు నా వెనకే ఉన్న అనీయాము. "నాకేం అభ్యంతరం లేదు."

"నిన్నడగలేదు." యాజకుడు బుట్టలోకి చూశాడు. రెల్లుపోచను వేలితో కదిపాడు.

"నీది కాని నేలను నీదని ఇక్కడ చెప్పకు," అన్నాడు చివరకు. "పండ్లు మాత్రం వద్దనను. మాటలు లేకుండా పెట్టు. ఆగు, మాటలు చెప్పేవాడైతే తనే దించాలి. మాటల్లేని బుట్టను మోసుకొచ్చినవాళ్లు దించాలి. దారంతా మోసింది నువ్వేనా?"

"నా భార్య."

"మరి నువ్విక్కడ ఏం చేస్తున్నావు?"

బుట్టతో వెనక్కి వచ్చాను. నా చేతిలో బుట్ట చూడగానే షెయెరా ముఖం చిన్నబోయింది. అయినా వెంటనే సర్దుకుంది. "పోనీలే. పద, ఏదైనా నీడ చూసుకుని తిందాం," అంటూ చుట్టకుదురు తీయబోయింది.

"తీయకు," అని బుట్ట మళ్లీ ఆమె నెత్తిన పెట్టాను. "లోపలికి రమ్మంటున్నారు."

"ఎవర్ని?"

"నిన్ను. మోసినవాళ్లే దించాలట."

"మరి మాటలు?"

"మాటల్లేవు."

ఆమె నా ముఖంలోకి చూసింది. బుట్ట మీద ఒక చెయ్యి వేసి లోపలికి వెళ్లింది. ఆమె నిలబడ్డ చోటే నేను నిలబడ్డాను. నాకు కనపడింది మగవాళ్ల తలల మీదుగా కదిలిపోతున్న తెల్లటి బుట్ట ఒక్కటే. అది ఒకచోట ఆగింది. తర్వాత నెమ్మదిగా కిందికి దిగి కనపడకుండా పోయింది.

తర్వాత ఏం జరిగిందో అనీయాము చెప్పాడు. ఆమె బుట్ట నేల మీద పెట్టిందట గాని అంచు వదల్లేదట. యాజకుడు కాసేపు చూసి, "అమ్మా, ఇంక వదిలెయ్, నా మోకాళ్లు నిలబడనివ్వడం లేదు," అన్నాడట.

తిరుగు దారిలో అనీయాము ముందు ఈల వేసుకుంటూ నడుస్తున్నాడు. కొండ దిగాక షెయెరా ఉన్నట్టుండి అంది:

"బుట్ట కూడా ఉంచేసుకున్నారు. అంత బాగా అల్లాను."

"పుల్లల బుట్టలు తిరిగి ఇవ్వరు. ఇంకోటి అల్లుకోవచ్చులే. విల్లో వాగు దగ్గర కావలసినంత ఉంది."

"వాగు ఎవరిది?"

"వాళ్లది."

"కోసుకో మరదలా," అన్నాడు అనీయాము వెనక్కి తిరక్కుండానే. "ముందు అడిగి కోసుకో."

"అడుగుతాను బావగారూ. ఇంటాయన ఎలాగూ ముందు మీతోనే చెబుతాడుగా, ఆయన్నే పంపిస్తాను."

నేను తల వంచుకుని నడిచాను. ఊరి గుమ్మం కనపడుతుండగా ఆమె చుట్టకుదురు నెత్తిమీద నుంచి తీసి, విప్పి, దులిపి, నా భుజాన వేసింది.

"వచ్చే ఏటికి ఇంకాస్త పెద్దది అల్లాలి," అంది.